పసుపుగా మెరిసే రాయి చేతికొస్తే: క్యూబనైట్‌ని ఇంట్లోనే ఎలా పట్టుకోవాలి

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన వాళ్ళకి రాయితో పరిచయం తక్కువ. మా కోనసీమలో ఎక్కడ తవ్వినా ముందు ఒండ్రుమట్టి, దాని కింద ఇసక, ఆ కింద నీళ్ళు. పునాదిలో వేసే రాయి దగ్గర్నుంచి రోడ్డు మీద పరిచే కంకర దాకా అంతా బయటినుంచి లారీల్లో రావాల్సిందే, అందులో చాలా భాగం కొవ్వూరు దాటాక వచ్చే పంగిడి, గౌరీపట్నం క్వారీలదే. అందుకే ఇక్కడి పిల్లలకి కంకర గుట్ట కనిపిస్తే చాలు, గంటలు గంటలు అందులోనే వెతుకుతూ ఉంటారు. పోయిన వేసవిలో మా వీధిలో రోడ్డు వేస్తున్నప్పుడు ఒక పిల్లాడు గోళీకాయంత రాయి తెచ్చి, అందులో ఆవగింజంత పసుపు మెరుపు చూపించి, "మేస్టారండీ, ఇది బంగారమేనాండీ?" అని అడిగాడు. గాజు సీసా మీద ఆ మెరుపు ఉన్న వైపుతో గీస్తే గీత పడింది. బంగారమైతే గాజుని గీయలేదు, కాబట్టి అది పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. రెండు నిమిషాల్లో తేలిపోయింది.

అన్ని పసుపు రాళ్ళూ అంత తేలిగ్గా తేలవు. రాగి, ఇనుము, గంధకం మూడూ కలిసిన ఖనిజాలు కొన్ని ఉన్నాయి. వాటిలో బాగా దొరికేది చాల్కోపైరైట్, ప్రపంచంలో రాగి ఎక్కువగా వచ్చేది దాన్నుంచే. దానికి దగ్గరి చుట్టం, చూడ్డానికి దాదాపు అలాగే ఉండేది, కానీ అరుదుగా కంటపడేది క్యూబనైట్. బీఎస్సీలో జియాలజీ చదివేవాళ్ళు, నాలాగా రాళ్ళు పోగుచేసేవాళ్ళు ఈ రెండింటి దగ్గరే ఎక్కువగా బోల్తాపడతారు. నేనూ పడ్డాను, అది కాసేపట్లో చెప్తాను. ఇంట్లో ఉన్న వస్తువులతో ఈ రాయిని ఎంతవరకు పట్టుకోవచ్చో, ఎక్కడ ఆగి ల్యాబ్‌కి పంపాలో వరసగా చెప్తాను, వరస తప్పకుండా చేయండి.

ముందుగా, మీరు వెతుకుతున్నది ఏమిటో తెలుసుకోండి

క్యూబనైట్‌లో ఒక రాగి పరమాణువుకి రెండు ఇనుము, మూడు గంధకం పరమాణువులు ఉంటాయి. చాల్కోపైరైట్‌లో ఒక రాగికి ఒక ఇనుము, రెండు గంధకం. బరువు లెక్కలో చూస్తే చాల్కోపైరైట్‌లో వందకి 34.6 పాళ్ళు రాగి, క్యూబనైట్‌లో 23.4 పాళ్ళే. అదే ఇనుము చూడండి, చాల్కోపైరైట్‌లో సుమారు 30 పాళ్ళు, క్యూబనైట్‌లో 41. ఈ ఇనుము సంగతి గుర్తుపెట్టుకోండి, అయస్కాంతం దగ్గరికి వచ్చాక ఇదే పనికొస్తుంది.

పేరు క్యూబా దేశం నుంచి వచ్చింది, అక్కడ దొరికిన రాయిని చూసి 1843లో బ్రైట్‌హాప్ట్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. పేరు విని దీన్ని క్యూబ్ ఆకారంలో ఉండే ఖనిజం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆకారానికీ ఈ పేరుకీ సంబంధం లేదు. దీని స్ఫటికాలు ఆర్థోరాంబిక్, అంటే మూడు వైపుల పొడవులూ వేరువేరుగా ఉండి, కోణాలు మాత్రం అన్నీ లంబకోణాలుగా ఉండే రకం. ఇటిక ఎలా ఉంటుందో తలచుకోండి, అదే.

ఇక్కడ ఒక నిజం ముందే చెప్పాలి. క్యూబనైట్ చాలా చోట్ల కంటికి కనిపించేంత ముక్కగా ఉండదు. చాల్కోపైరైట్ లోపల సన్నని పొరలుగా, మైక్రోస్కోపు కింద మాత్రమే తెలిసేలా దాక్కుని ఉంటుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు ఒకటిగా కలిసిపోయి ఉన్న రాగి, ఇనుము, గంధకం మెల్లగా చల్లారుతూ రెండు ఖనిజాలుగా విడిపోవడం వల్ల ఆ పొరలు వస్తాయి. విడిగా, చేత్తో పట్టుకునే స్ఫటికాలుగా దొరికే చోట్లు తక్కువ. కెనడాలోని క్విబెక్‌లో షిబుగమౌ దగ్గరి హెండర్సన్ గని, బ్రెజిల్‌లో నోవా లిమా దగ్గరి మోరో వెల్యో బంగారు గని, ఈ రెండూ సేకరించేవాళ్ళకి బాగా తెలిసినవి. అందుకని ఎవరైనా గుప్పెడంత పసుపు రాయి చేతిలో పెట్టి క్యూబనైట్ అంటే, వెంటనే నమ్మకండి.

పోల్చడానికి ఒక తెలిసిన రాయి సంపాదించండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. తెలియని రాయిని తెలిసిన రాయి పక్కన పెట్టకుండా పుస్తకంలో బొమ్మ చూసి పోల్చడం దండగ, ఎందుకంటే పసుపు అనేది ఫోటోకో రకంగా కనిపిస్తుంది.

చాల్కోపైరైట్ కోసం గనుల దాకా వెళ్ళక్కర్లేదు. ఆయుర్వేద మూలికల కొట్టుకి వెళ్ళి స్వర్ణమాక్షికం అని అడగండి. శుద్ధి చేయని పచ్చి ముక్కలు యాభై గ్రాములు చాలు. మన రసశాస్త్రంలో స్వర్ణమాక్షికం అంటే చాల్కోపైరైటే. పూర్వపు వైద్యులు దీనికి చెప్పిన గుర్తులు ఎంత బాగున్నాయంటే, బంగారు రంగు ఉండాలి, కోణాలు ఉండకూడదు, బరువుండాలి, చేత్తో రుద్దితే నలుపు అంటాలి అన్నారు. కోణాలు ఉండకూడదు అన్న ఒక్క మాటతో పలకలు పలకలుగా ఉండే పైరైట్‌ని పక్కకి పెట్టేశారు. నేను ఖనిజాల మీద ఇంగ్లీషు పుస్తకాలు ఎన్నో తిరగేశాక ఈ నాలుగు గుర్తులు చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఒక జాగ్రత్త, ఆ ముక్క పరీక్షకి మాత్రమే. పచ్చి రాయిని నోట్లో పెట్టకండి, పిల్లలకి అందేలా ఉంచకండి, పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

కొట్టులో ఇచ్చినదంతా చాల్కోపైరైటే అని కూడా అనుకోకండి, నేను తెచ్చిన పొట్లంలో నాలుగైదు పైరైట్ ముక్కలు కలిసే ఉన్నాయి. దాన్ని నష్టంగా చూడకండి, పోలికకి పైరైట్ కూడా ఊరికే వచ్చినట్టు. గాజుని గీసేవి ఒక పక్కకి, గీయలేనివి ఇంకో పక్కకి పెట్టుకోండి.

ఇప్పుడు పరీక్షలు

మొదటిది రంగు, కానీ పగలగొట్టిన కొత్త ముఖం మీద మాత్రమే చూడాలి. గాలి తగిలిన పాత ముఖం అబద్ధం చెప్తుంది, అందులోనూ మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గరైతే ఉప్పు కూడా. చాల్కోపైరైట్ కొన్ని నెలల్లోనే నెమలి మెడలాగా నీలం, ఊదా, ఆకుపచ్చ రంగులు తిరుగుతుంది. (ఆసిడ్‌లో ముంచి కావాలని ఆ రంగులు తెప్పించి అమ్మేవాళ్ళూ ఉన్నారు.) కొత్త ముఖం మీద చాల్కోపైరైట్ కొత్త ఇత్తడి చెంబు రంగులో ఉంటుంది. క్యూబనైట్ ఇత్తడికీ కంచుకీ మధ్యలో, కొంచెం మందంగా ఉంటుంది. ఇత్తడి గ్లాసు ఒకటి, కంచు గిన్నె ఒకటి పక్కపక్కన పెట్టుకుని, నీడపట్టున పగటి వెలుగులో చూడండి. ట్యూబులైటు కింద ఈ తేడా తెలియదు. అలాగే పైరోటైట్ అని ఇంకొకటి ఉంది, ఇనుము, గంధకం మాత్రమే ఉంటాయి, అది కంచు కన్నా గోధుమ వైపు మొగ్గుతుంది. దాని పేరు గుర్తుంచుకోండి, నన్ను ఇబ్బంది పెట్టింది అదే.

రంగుతో ఏమీ తేల్చకండి, చూసింది రాసుకుని ముందుకు కదలండి.

రెండోది గట్టిదనం. గోరుతో గీస్తే గీత పడకూడదు, చాకు మొనతో గీస్తే పడాలి. మోహ్స్ కొలతలో గోరు సుమారు రెండున్నర, చాకు అయిదున్నర, క్యూబనైట్ మూడున్నర, చాల్కోపైరైట్ మూడున్నర నుంచి నాలుగు. అంటే ఈ రెండింటినీ ఈ పరీక్ష విడదీయలేదు, పైరైట్‌ని మాత్రం తీసిపారేస్తుంది, అది ఆరు పైనే. గీసేటప్పుడు రాయి వెనక వైపు, కనపడని చోట అర సెంటీమీటరు గీయండి చాలు. స్ఫటికం ముఖం మీద గీసి పాడుచేసుకున్నవాళ్ళని చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది.

మూడోది గీత రంగు. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి చూడటం మనందరికీ తెలుసు. ఇదీ అదే పద్ధతి, కాకపోతే గీటురాయి నల్లగా ఉంటుంది కాబట్టి నల్లటి పొడి దాని మీద కనపడదు, మనకి తెల్లగా, గరుకుగా, పైన గ్లేజు లేనిది కావాలి. పింగాణీ కప్పు తిరగేస్తే అడుగున ఒక గరుకు అంచు ఉంటుంది, అది సరిపోతుంది. తెల్లటి టైలు ముక్క వెనక వైపు కూడా పనికొస్తుంది. రాయి మూలతో కొంచెం ఒత్తి గీయండి. చాల్కోపైరైట్ గీత నలుపే, కానీ అందులో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. క్యూబనైట్ గీతలో ఆ పచ్చదనం ఉండదు, ముదురు బూడిద లేదా నలుపు. ఛాయ తెలియకపోతే ఆ గీతని వేలితో పల్చగా రాసి, పక్కనే స్వర్ణమాక్షికం గీత కూడా అలాగే రాసి చూడండి. ఒత్తుగా ఉన్నప్పుడు రెండూ నల్లగానే కనిపిస్తాయి, పల్చబడ్డాకే తేడా బయటపడుతుంది. గీత బంగారంలాగే పసుపుగా పడితే మాత్రం నాకు రాయకండి, నేరుగా కంసాలి దగ్గరికే వెళ్ళండి.

నాలుగోది బరువు, అంటే అంతే పరిమాణం నీటి కన్నా ఎన్ని రెట్లు బరువు అని. పాయింట్ వన్ గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి. రాయిని మామూలుగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. కాటా ఇప్పుడు ఎన్ని గ్రాములు చూపిస్తే రాయి పరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. మొదటి అంకెని రెండో అంకెతో భాగించండి. ఉదాహరణకి రాయి 24.6 గ్రాములు ఉండి, నీళ్ళలో వేలాడదీసినప్పుడు కాటా 6.0 చూపిస్తే జవాబు 4.1. క్యూబనైట్ 4.0 నుంచి 4.2 మధ్య, చాల్కోపైరైట్ 4.1 నుంచి 4.3, పైరోటైట్ 4.6 దగ్గర, పైరైట్ 5 దగ్గర వస్తాయి. రాయికి అంటుకున్న గాలి బుడగలు ఊడిపోయేలా దారాన్ని రెండు మూడుసార్లు ఆడించండి, లేకపోతే జవాబు తక్కువొస్తుంది. రాయికి తెల్లటి క్వార్ట్జ్ అంటుకుని ఉంటే ఈ లెక్కే పనికిరాదు, అది 2.65 మాత్రమే, మొత్తాన్ని కిందికి లాగేస్తుంది. తడిసిన రాయిని వెంటనే గుడ్డతో ఒత్తి, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టండి.

అయస్కాంతం, అసలు తీర్పు ఇక్కడ

క్యూబనైట్ అయస్కాంతానికి గట్టిగా లొంగుతుంది. చాల్కోపైరైట్ మామూలు అయస్కాంతానికి కదలదు. వినడానికి ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు, కానీ తప్పులన్నీ జరిగేది కూడా దీని దగ్గరే, అందుకే కొంచెం నిదానంగా చెప్తాను.

పాడైపోయిన హార్డ్ డిస్కులోంచి తీసిన నియోడిమియం అయస్కాంతం కావాలి, మామూలు వాటికన్నా చాలా బలమైనది. చేయి తిరగడానికి ముందు అంతర్వేది తీరంలో ఇసక మీద నల్లగా చారలు కట్టి ఉంటుంది చూడండి, ఆ నల్ల ఇసక ఒక్క చిటికెడు తెచ్చుకోండి. అందులో మాగ్నెటైట్, ఇల్మనైట్ అనే ఇనుము ఉన్న ఖనిజాలు రెండూ ఉంటాయి. కాగితం మీద పోసి కాగితం కింద అయస్కాంతం జరపండి. మాగ్నెటైట్ రేణువులు లేచి నిలబడి అయస్కాంతం వెంట పరిగెడతాయి, ఇల్మనైట్ చాలావరకు బద్ధకంగా అక్కడే ఉండిపోతుంది. గట్టిగా లొంగడం అంటే ఏమిటో, అంతంత మాత్రంగా లొంగడం అంటే ఏమిటో కంటికి అలవాటవుతుంది. అలాగే ఇసకలో బంగారు రేకుల్లా మెరిసేది అభ్రకం.

ఇప్పుడు మీ రాయి. ఫ్యాను ఆపేసి, రాయిని దారంతో వేలాడదీసి, ఊగడం ఆగాక అయస్కాంతాన్ని పక్కనుంచి మెల్లగా దగ్గరికి తీసుకెళ్ళండి. రాయి ఇటు తిరిగిందంటే అందులో అయస్కాంత గుణం ఉన్న ఖనిజం ఏదో ఉంది. ఆ "ఏదో" అన్న మాటే ముఖ్యం. అది క్యూబనైటే అని ఇంకా తేలలేదు.

నాకు జరిగింది ఇదే. కొన్నేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర క్యూబనైట్ అని చీటీ ఉన్న రాయి కొన్నాను. నాకు చిన్న మొత్తం కాదు అది. దారానికి కట్టి చూస్తే అయస్కాంతం వైపు తిరిగింది, అంతే, సంతోషంతో డబ్బాలో పెట్టి పేరు రాసేశాను, వచ్చినవాళ్ళందరికీ చూపించాను. ఏడాది తర్వాత ఒక మూల చిన్న రవ్వ ఊడితే దాన్ని పది రెట్లు చూపించే లెన్సు కింద పెట్టాను. పసుపు మధ్యలో గోధుమ రంగు నలుసులు. ఆ రవ్వని పాలిథీన్ కవర్లో పెట్టి సుత్తితో మెల్లగా నలగ్గొట్టి, కాగితం మీద పోసి కింద అయస్కాంతం జరిపితే, గోధుమ నలుసులన్నీ వెంట వచ్చేశాయి, పసుపు రేణువు ఒక్కటీ కదల్లేదు. అంటే పసుపుగా ఉన్నది చాల్కోపైరైట్, అయస్కాంతానికి లొంగింది దానితో కలిసి ఉన్న పైరోటైట్. ఈ రెండూ ఒకే రాయిలో కలిసి ఉండటం చాలా మామూలు విషయం, రాజస్థాన్ ఖేత్రి రాగి గనుల రాళ్ళలో కూడా అలా ఉంటాయి. అమ్మినతనికి రాశాను, జవాబు రాలేదు. డబ్బు పోయినందుకు కన్నా, ఏడాది పాటు అందరికీ తప్పు చెప్పినందుకు ఎక్కువ బాధ పడ్డాను.

కాబట్టి రాయి మొత్తాన్ని కాదు, పసుపు రేణువుని పరీక్షించండి. ఊడిన రవ్వ ఉంటే సరే, లేకపోతే వెనక మూల నుంచి సూదితో గిల్లి ఆవగింజలో సగమంత తీయండి. కవర్లో పెట్టి నలపండి, పొడి ముక్కులోకి పోకుండా. లెన్సు కింద చూస్తూ అయస్కాంతం జరపండి. కదిలిన రేణువు ఏ రంగుదో కళ్ళారా చూడాలి. పసుపు రేణువులే అయస్కాంతం వెంట చురుగ్గా వస్తుంటే, గీతలో పచ్చదనం లేకపోతే, బరువు 4.1 దగ్గర ఉంటే, అప్పుడు క్యూబనైట్ అనే అనుమానానికి బలం వచ్చినట్టు.

స్ఫటికం ఉంటే ఇంకొక గుర్తు చూడొచ్చు. క్యూబనైట్ పొడుగ్గా, ముఖాల మీద సన్నటి గీతలతో పెరుగుతుంది, కవల స్ఫటికాలు దీనికి బాగా అలవాటు. రెండు స్ఫటికాలు వి ఆకారంలో కలవడం, మూడు కలిసి ఆరు కోణాల చక్రంలా కనిపించడం మామూలే. ఆరు కోణాలు చూసి షట్కోణ స్ఫటికం అనుకోకండి. పైరోటైట్ కూడా ఆరు పలకల బిళ్ళగా పెరుగుతుంది కాబట్టి ఇక్కడ బరువు లెక్క మళ్ళీ చూసుకోండి.

వేడి చేయకండి

పాత పుస్తకాల్లో రాయిని మంట మీద పెట్టి చూసే పరీక్షలు ఉంటాయి. ఇంట్లో వద్దు. గంధకం ఉన్న రాయిని కాల్చితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఆసిడ్ పోసి చూడటం కూడా వద్దు.

క్యూబనైట్ విషయంలో ఇంకో కారణం ఉంది. సుమారు 210 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇది క్యూబనైట్‌గా మిగలదు. ఉన్న పరమాణువులే ఉంటాయి, ఒక్కటీ పోదు, కానీ అమరిక మారిపోయి ఐసోక్యూబనైట్ అవుతుంది, అయస్కాంతానికి లొంగే గుణం పోతుంది. చల్లారాక మళ్ళీ మామూలు కాదు. అన్నం చల్లారితే బియ్యం అవుతుందా, ఇదీ అంతే.

ఈ గుణం వల్లే ఈ చిన్న ఖనిజం పెద్ద సాక్ష్యం చెప్పింది. వైల్డ్ 2 అనే తోకచుక్క నుంచి నాసా స్టార్‌డస్ట్ నౌక దుమ్ము పట్టుకుని 2006 జనవరిలో భూమికి తెచ్చింది. ఆ దుమ్ములో క్యూబనైట్ రేణువు కనిపించింది. అంటే అది పుట్టాక ఎప్పుడూ 210 డిగ్రీలు దాటి వేడెక్కలేదన్నమాట. తోకచుక్క అంటే ఎప్పుడూ గడ్డకట్టిన మంచు ముద్దే అనుకుంటున్న రోజుల్లో, దాని లోపల ఒకప్పుడు గోరువెచ్చని నీళ్ళు ఉండి ఉండాలని, ఆ నీళ్ళలోనే ఈ ఖనిజం పెరిగి ఉండాలని ఆరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో చెప్పారు. 1864 మే 14న ఫ్రాన్స్‌లో పడిన ఓర్గెయి ఉల్కలో కూడా క్యూబనైట్ ఉంది. నా డబ్బాలో పసుపు ముక్క చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది, వేడి తగలలేదు అన్న సంగతిని ఇన్ని వందల కోట్ల ఏళ్ళు దాచి ఉంచింది ఒక నలుసు.

దీన్ని ఏ గూటిలో పెట్టాలి

వర్గీకరణ అనగానే అంకెలు బట్టీ పట్టడం అనుకుంటారు. మూడు ప్రశ్నలు వేసుకుంటే దానంతట అదే వస్తుంది.

మొదటి ప్రశ్న, లోహాలు దేనితో కలిశాయి? ఆక్సిజన్ లేకుండా గంధకంతో కలిస్తే సల్ఫైడ్. ఖనిజాలకి సంఖ్యలిచ్చి వర్గాలుగా పెట్టే పద్ధతులు రెండున్నాయి, స్ట్రుంజ్, డానా. ఆ రెండింటిలో కూడా సల్ఫైడ్‌లది రెండో తరగతి. రెండో ప్రశ్న, లోహ పరమాణువులు ఎన్ని, గంధకం ఎన్ని? క్యూబనైట్‌లో ఒక రాగి, రెండు ఇనుము కలిపి మూడు లోహాలు, గంధకం కూడా మూడు, సరికి సరి. చాల్కోపైరైట్‌లో రెండుకి రెండు, అదీ సరికి సరే, అందుకని ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారు. పైరైట్‌లో ఒక ఇనుముకి రెండు గంధకాలు, కాబట్టి వేరే వీధి. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఇంకో ఖనిజం బోర్నైట్‌లో అయిదు రాగి, ఒక ఇనుము కలిపి ఆరు లోహాలకి నాలుగే గంధకాలు, అదింకో వీధి. స్ట్రుంజ్ సంఖ్యలో రెండు తర్వాత వచ్చే మొదటి అక్షరం ఈ నిష్పత్తినే చెప్తుంది. క్యూబనైట్ 2.సీబీ.55ఏ, చాల్కోపైరైట్ 2.సీబీ.10ఏ, పైరైట్ 2.ఈబీ.05ఏ, బోర్నైట్ 2.బీఏ.15. డానాలో క్యూబనైట్ 2.9.13.1, చాల్కోపైరైట్ 2.9.1.1.

మూడో ప్రశ్న అమరిక, అసలు కిటుకు ఇక్కడుంది. అంబాజీపేటలో కొబ్బరికాయల రాశి చూసే ఉంటారు. ఒక వరస పరిచి, దాని గుంటల్లో రెండో వరస పెడతారు. మూడో వరస పెట్టడానికి రెండు దారులు ఉన్నాయి, సరిగ్గా మొదటి వరస కాయల మీదికి వచ్చేలా పెట్టొచ్చు, లేదా ఇంకో గుంటల్లోకి జరిపి పెట్టొచ్చు. గంధకం పరమాణువుల్ని కొబ్బరికాయలు అనుకోండి. క్యూబనైట్‌లో మూడో వరస మొదటిదాని మీదికి వస్తుంది, చాల్కోపైరైట్‌లోనూ ఐసోక్యూబనైట్‌లోనూ జరుగుతుంది. రాగి, ఇనుము ఆ కాయల మధ్య సందుల్లో, నాలుగేసి గంధకాల నడుమ కూర్చుంటాయి. క్యూబనైట్‌లో ఇనుము పరమాణువులు జంటలు జంటలుగా దగ్గరికి చేరతాయి. ఐసోక్యూబనైట్‌లో రాగి ఎక్కడో ఇనుము ఎక్కడో ఒక నియమం ఉండదు, కలగాపులగంగా కూర్చుంటాయి. అందుకే రెండింటి ఫార్ములా ఒకటే అయినా పేర్లు రెండు, స్ట్రుంజ్‌లో 55ఏ ఒకటి, 55బీ ఒకటి. ఐసోక్యూబనైట్ సముద్రం అడుగున నల్లపొగ కక్కే వేడినీటి ఊటల దగ్గర దొరుకుతుంది, అక్కడి వేడికి అది సహజమే.

ఇదే కుటుంబంలో టాల్నఖైట్, మూయిహోకైట్, హేకాకైట్ లాంటివి ఇంకొన్ని ఉన్నాయి. లోహాలు ఒక పిసరు ఎక్కువ, గంధకం ఒక పిసరు తక్కువ. ఇంటి పరీక్షలతో వాటి జోలికి పోకండి.

ఎప్పుడు ల్యాబ్‌కి పంపాలి

పైన చెప్పినవన్నీ కలిసొచ్చినా మీరు రాయగలిగింది "క్యూబనైట్ కావచ్చు" అనే. రూఢి కావాలంటే రెండు పరీక్షలు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో మూలకాల పాళ్ళు చూస్తే ఒకటికి రెండు, మూడు రావాలి. అది ఒక్కటే చాలదు, ఐసోక్యూబనైట్‌కి కూడా అదే పాళ్ళు వస్తాయి కదా. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చేస్తే అమరిక తెలుస్తుంది. దానికి కొంచెం పొడి సరిపోతుంది, రాయి మొత్తం ఇవ్వక్కర్లేదు. మనకి దగ్గరలో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ విభాగం ఉంది, ముందు అక్కడ అడిగి చూడండి. వెళ్ళేముందు మీ పరీక్షల కాగితం తీసుకెళ్ళండి, రంగు, గీత, బరువు, అయస్కాంతం అన్నీ రాసి ఉంటే అవతలివాళ్ళు మీ మాట శ్రద్ధగా వింటారు.

ఇక దాచుకోవడం. సల్ఫైడ్ రాళ్ళకి మన వాతావరణం శత్రువు. వర్షాకాలంలో అద్దాల బీరువాలో పెట్టినా తేమ లాగేస్తాయి, ముఖ్యంగా పైరోటైట్, పైరైట్ కలిసి ఉన్నవి. తెల్లటి పొడి, గంధకం వాసన కనిపించాయంటే రాయి కుళ్ళడం మొదలైందని అర్థం, దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చేవి పారేయకుండా పోగు చేసుకుంటే చాలు. రెండు నెలలకోసారి వాటిని మార్చండి. రాయిని నీళ్ళతో కడగొద్దు, పొడి బ్రష్‌తో దులపండి. రాయి పక్కన పెట్టే చీటీ మీద దొరికిన చోటు ముందు రాయండి, తర్వాత ఏ పరీక్షలో ఏమొచ్చింది, ఏ తారీఖున చూశారు, చివర్లో పేరు. చీటీని పెన్సిలుతో రాయండి, తేమకి సిరా పాకిపోతుంది. మూతకి అంటించకుండా డబ్బా లోపలే పెట్టండి, మూతలు మారిపోతాయి.